డబుల్ బెడ్‌రూం ఇచ్చారు సరే, పడమటి గోడ సంగతేంటి?

హైదరాబాద్‌లో పేదల ఇళ్ల మీద ఎంత చర్చ జరిగినా ఎన్ని కట్టారు, ఎవరికొచ్చాయి, ఎవరికి రాలేదు అన్నచోటే ఆగిపోతుంది. ఆ ఇంట్లో మే నెలలో ఎలా ఉంటుందో అడిగేవాళ్లు తక్కువ. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీనే చూడండి, ఒక్కచోటే 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు, అన్నీ పెద్ద పెద్ద టవర్లు. అంత చిన్న ఇంట్లో ఒక గోడ కాలితే పక్కకు జరిగి పడుకోవడానికి చోటెక్కడ?

పని త్వరగా అవ్వాలని ఇప్పుడు చాలా టవర్లలో గోడా స్లాబూ కలిపి కాంక్రీటుతోనే పోసేస్తున్నారు. గట్టిగా ఉంటుంది, కాదనను. కానీ లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకుతో పోలిస్తే, అదే మందంలో ఆ కాంక్రీటు ఎనిమిది, తొమ్మిది రెట్లు ఎక్కువ వేడిని లోపలికి పంపుతుంది. మధ్యాహ్నం నుంచి ఎండ తాగిన పడమటి గోడ, సరిగ్గా పిల్లలు పడుకునే వేళకి ఆ వేడినంతా లోపలికి వదులుతుంది, ఫ్యాన్ వేస్తే తిరిగేది ఆ వేడిగాలే, చివరికి వాయిదాల మీద కూలరో సెకండ్ హ్యాండ్ ఏసీనో ఇంటికొస్తుంది.

2023లో రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండను తిప్పికొట్టే పూతలాంటివి డాబాల మీద వేయించడం. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల డాబాలు, అందులో 200 హైదరాబాద్‌లోనే అని లక్ష్యం. మంచిదే. కానీ పదంతస్తుల టవర్‌లో డాబా కింద ఉండేది ఒక్క అంతస్తే కదా! మిగతావాళ్లకి వేడి వచ్చేది గోడలోంచి, కిటికీలోంచి. ఇదేం కొత్త లెక్క కాదు, కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లోనే ఇళ్ల నిర్మాణానికి ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చి, గోడలూ కిటికీల మీదుగా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించొద్దంది. రాజ్‌కోట్‌లో ఏఏసీ బ్లాకులు, గాలి లాగే షాఫ్టులు, గాజు తగ్గించిన కిటికీలతో పేదల కోసమే 1,176 ఫ్లాట్లు కట్టి చూపించారు కూడా.

ఖర్చు పెరుగుతుందంటారు. ఎవరికి? గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు కట్టేది ప్రభుత్వమే, అంటే గోడ దగ్గర మిగిల్చిన డబ్బు కరెంటు సబ్సిడీగా నెలనెలా అదే ఖజానాలోంచి పోతోంది. కూలర్ రాత్రీ పగలూ తిరిగి 200 దాటిందా, ఆ నెల బిల్లు మొత్తం ఆ కుటుంబం నెత్తినే.

కట్టేసిన టవర్ల గోడలు ఇప్పుడు మార్చలేం. మళ్లీ రంగులేసేటప్పుడు పడమటి గోడకు లేత రంగు వేయొచ్చు (ముదురు రంగు పట్టీలు ఎందుకు పూస్తారో నాకైతే అర్థం కాదు), కిటికీల మీద సజ్జలు పొడిగించొచ్చు. ఒక్కో ఇంటికి ఐదు లక్షల రూపాయలిచ్చే ఇందిరమ్మ ఇళ్లకైతే ఇంకా టైముంది. డబ్బు ఎలాగూ దశలవారీగానే ఇస్తున్నారు, పునాది కొలతలు చూసే ఇంజినీరే పడమటి కిటికీకి సజ్జ ఉందా, డాబాకు తెల్ల పూత పడిందా అని కూడా చూస్తే పోయేదేముంది? కాకపోతే ఆ పూత డబ్బులు చివరి విడతలో విడిగా కలిపి ఇవ్వాలి, ఐదు లక్షల్లోనే సర్దుకోమంటే ఎవరూ వేయించరు.