రాహువే సాక్షి

2015 పుష్కరాల్లో రాజమండ్రి రేవులో పంతులుగారు మా నాయనమ్మ అత్తగారి పేరు చెప్పమన్నారు. నేను గోదావరి వంక చూశాను, మావాడు ఫోన్ వంక చూశాడు. పక్కనున్న బాబాయి మాత్రం ఆవిడ పేరు, పుట్టింటి పేరు, వాళ్ల నాన్న పేరు కూడా గడగడా అప్పజెప్పేశాడు. భక్తి అనుకునేరు. ఆవిడకి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన ఎకరం కొబ్బరితోట మీద ఆయన దావా నడుపుతున్నాడు.

కాబట్టి వంశవృక్ష పరిశోధనలో పైమెట్టు ఎక్కదలచిన కోనసీమ వాసులకు నా మొదటి సలహా: ముందొక తగాదా సంపాదించండి. తగాదా లేని ఇంట్లో తాతకు తండ్రే ఉండడు. పాత దస్తావేజులో అందరూ విస్తీర్ణం చదువుతారు గాని, చదవాల్సింది హద్దులు. 'తూర్పు ఫలానావారి భూమి, పడమర పంటబోదె' అని ఉంటే, ఆ తూర్పు ఫలానా చాలాసార్లు వాటా పంచుకుని మాట్లాడ్డం మానేసిన సొంత అన్నే. ఆడవాళ్ల పేర్లు మాత్రం పసుపుకుంకుమ కాగితాల్లోనో, పెళ్లి చదివింపుల పుస్తకంలోనో వెతకాలి. ఎవరు ఎంత చదివించారో మనవాళ్లు మర్చిపోరు. ఎవరు పుట్టారో మర్చిపోతారు.

అసలు చిక్కు నాకు ట్రంకుపెట్టెలో దొరికింది. మా ఇంట్లో మగవాళ్లకి రెండే పేర్లు. తాత పేరు మనవడికి పెడతాం గనక వీర్రాజు కొడుకు సత్యనారాయణ, ఆయన కొడుకు వీర్రాజు, మళ్లీ సత్యనారాయణ. దొరికిన జాతకంలో 'ప్రమాదీచ, వీర్రాజు కుమారుడు సత్యనారాయణ' అని ఉంది. ప్రమాదీచ అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1913లో వచ్చింది, మా తాత పుట్టాడు. 1973లో వచ్చింది, నేను పుట్టాను. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా మా ఇంటికి రాలేదు. నా పుట్టినరోజు బళ్లో వేసిన రోజున మాస్టారికి తోచిన తేదీ.

గ్రహాల్ని అడుగుదామంటే అవీ ఒకే జట్టు. అరవై ఏళ్లలో శని రెండు చుట్లు, గురువు ఐదు చుట్లు తిరిగి, ఒక ఇల్లు అటూఇటూగా బయల్దేరిన చోటికే వస్తారు. చేతిరాతలో ఒక గడి తేడాని ఎవరు పట్టించుకుంటారు? రాహువు ఒక్కడే ఈ లెక్కకి లొంగడు. ఆయన చుట్టు పద్దెనిమిదిన్నరేళ్లు. 1973లో ధనుస్సులో ఉన్నాడు, జాతకంలో మీనంలో ఉన్నాడు. పాత పంచాంగం తిరగేస్తే 1913లో మీనమే. అంటే జాతకం తాతది.

ఆనందం ఒక పూటే మిగిలింది. 1999లో నా పెళ్లికి పొంతన చూసింది ఈ జాతకంతోనే. దివ్యంగా కుదిరిందన్నారు.

మా ఆవిడకి చెప్పాను. కొబ్బరి తురుముతూ, తలెత్తకుండానే అంది:

"పోన్లెండి, ఆయనకి తోటైనా ఉంది."