ఆకు కొస ఎటువైపు?

మొన్న బంధువుల పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నానో లేదో, ఒక కుర్రాడు కాగితం చుట్ట పట్టుకొచ్చి బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా బర్రున పరిచేశాడు. పచ్చగా, నిగనిగలాడుతూ, ఈనెలతో సహా అరిటాకు. బొమ్మ లెండి. కింద కాగితం, పైన ప్లాస్టిక్ పొర, మధ్యలో అచ్చేసిన కోనసీమ.

నా పక్కనున్న పెదనాన్నగారికి ధర్మసందేహం వచ్చింది. ఆకు కొస ఎడమచేతి వైపు ఉండాలి కదా, దీనికి కొస ఎక్కడ? నలభై అడుగుల చుట్టకి కొసంటూ ఉంటే గింటే వంటశాల దగ్గరుండాలి. వడ్డించే కుర్రాణ్ణి అడిగితే "అది ఎటైనా ఒకటేనండీ" అన్నాడు. వేదాంతి. పెదనాన్నగారు అలవాటు కొద్దీ నీళ్ళు చల్లి చేత్తో తుడిచారు. నీళ్ళు జారి నేరుగా ఆయన పట్టుపంచె మీదికి దిగాయి. ఆకు మాత్రం శుద్ధి అయింది. వేడి సాంబారు పడేసరికి ఆయన ముందున్న ఈనె ఒకటి బుడగలెత్తింది. ఆయన దాని మీద అప్పడం కప్పేశారు. పెళ్ళివారి పరువు కదా!

"ఇది పర్యావరణానికి మంచిదండీ, పేపరేగా" అన్నాడు కేటరింగ్ పెద్దమనిషి. నిజమే. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధం. అందుకే ప్లాస్టిక్ పాపం మారువేషంలో వచ్చి విందారగిస్తోంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు కాగితం కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోసి 15 నిమిషాలు ఉంచి చూస్తే సుమారు 25,000 ప్లాస్టిక్ నలుసులు లెక్కకొచ్చాయి. ఆ కప్పు లోపల పూసేదీ ఇలాంటి పొరే.

చివర్లో ఐస్‌క్రీమ్‌తో ఒక చెంచా ఇచ్చారు. మొక్కజొన్నతో చేసిందట, మట్టిలో కలిసిపోతుందట. కలుస్తుంది, ఎటొచ్చీ దాదాపు 60 డిగ్రీల వేడిలో, కంపోస్టు ఫ్యాక్టరీలో, వారాల తరబడి మగ్గబెడితే. రెంటచింతలలో రోహిణి కార్తె ఎండ కూడా దాని ముందు చల్లటి పందిరే. ఊరి చివర చెత్తకుప్పలో ఆ చెంచా మనవలని కూడా చూస్తుంది.

మట్టిలో కలిసే సరుకు తయారుచేసే శాస్త్రవేత్తలను మాత్రం ఏమీ అనను. వాళ్ళ తిప్పలు గంజి పెట్టిన పంచె కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఇస్త్రీ చేసినంతసేపూ కత్తిలా నిలబడుతుంది, నాలుగు చినుకులు పడితే కాళ్ళకు చుట్టుకుంటుంది. పిండితో చేసిన సంచీ కూడా అంతే. పొడిగా ఉంటే పెళుసు, తడి తగిలితే ముద్ద. మెత్తదనానికి గ్లిజరిన్ కలుపుతారు, గట్టిదనానికి మొక్కల పీచుని కంటికి కనబడనంత సన్నగా చేసి కలుపుతారు. మట్టిగోడలో వరిగడ్డి తొక్కినట్టే. హైదరాబాదు డీఆర్‌డీవో ల్యాబు తయారుచేసిన మొక్కజొన్న పిండి సంచులు 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గరికి వచ్చాయి. నెయ్యి కారే లడ్డూలను మొయ్యడమంటే మాటలా? ఆ పనికి దణ్ణం పెడతాను.

కానీ పీచు, దాని చుట్టూ మెత్తటి గుజ్జు, పైన నీరంటని మైనం పూత, ఇవన్నీ ఒకేచోట కుదిరిన సరుకు ఒకటి పెరట్లో పిలకలేసి మరీ పెరుగుతోంది. దాన్ని వదిలేసి దాని ఫోటో పరుచుకున్నాం!

అరిటాకు దొరకలేదంటారా? పాడేరు, అరకు వైపు మన్యంలో ఆడవాళ్ళు అడవిలో తిరిగి అడ్డాకులు కోసి, నెత్తిన మోసుకొచ్చి, వెదురుపుల్లలతో కుడతారు. ఆ విస్తరిలో పులుసు పోసినా చుక్క కారదు. ఒక్కో ఆకూ వేళ్ళు గీరుకుంటూ కుట్టిన మనిషి దగ్గర బేరమాడటానికి మనకి నోరెలా వస్తుంది? డ్రోన్ కెమెరా వాడు ఎంతంటే అంత ఇచ్చి, స్టేజీ మీద పొగకి డబ్బులు తగలేసి, విస్తరి దగ్గరికొచ్చేసరికి అర్ధరూపాయికి గీచిగీచి చివరికి "వద్దులే, రోల్ చవక" అంటాం. సిగ్గులేని జాతి! పైగా వధూవరుల వెనక ఫ్లెక్సీ మీద "ప్రకృతి ఒడిలో పరిణయం" అని రాయించాం. అదీ ప్లాస్టిక్కే.

ఇంతలో పంక్తి అవతలి కొస నుంచి ఇద్దరు కుర్రాళ్ళు చాప చుట్టినట్టు అన్నం, పచ్చడి, తొక్కలతో సహా ఆకుని చుట్టుకుంటూ వస్తున్నారు. ఆ చుట్ట పెదనాన్నగారి మోచేతి దాకా వచ్చింది. ఆయన రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టి, "ఉండవయ్యా, నేనింకా మజ్జిగ దగ్గరే ఉన్నా" అన్నారు.