పొత్తిళ్ళ పేరుతో తిరుగుతున్న ఆ సందేశం

వారం రోజుల్లో ఒకే సందేశాన్ని నాకు ఆరుగురు పంపారు. ఎర్రగుడ్డలో పసిబిడ్డను కదలకుండా బిగించి చుడితే దిష్టి తగలదట, కాళ్ళు తిన్నగా వస్తాయట. తలకు టోపీ పెట్టి బోర్లా పడుకోబెడితే పాలు కక్కినా గొంతుకు అడ్డుపడవట, తెల్లవార్లూ లేవకుండా నిద్రపోతుందట. ఏడాది నిండేదాకా ఇలాగే చెయ్యాలట. చివరగా పంపింది చిత్తూరులో ఉన్న మా చెల్లెలి కూతురు. పురిటి నెల ఇంకా వెళ్ళలేదు. "పెద్దమ్మా, ఇలా చెయ్యమంటావా?" అని అడిగింది. తిరుపతిలో ఇరవై ఏళ్ళకు పైగా పసిపిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన నాకు ఆ ప్రశ్నతో ఓపిక నశించింది.

ఎర్రగుడ్డ సంగతి వదిలేద్దాం. బిడ్డకు గుడ్డ మెత్తగా ఉంటే చాలు, రంగుతో పని లేదు.

టోపీ సంగతి కూడా ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒళ్ళంతా చుట్టి ఉన్నప్పుడు పసిబిడ్డ ఒంటి వేడి తలలోంచే ఎక్కువగా బయటికి పోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, రేకుల ఇంట్లో, ఒళ్ళంతా చుట్టి తల కూడా మూస్తే ఆ వేడి ఎటు పోవాలి? మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే గుడ్డ విప్పేయండి.

ఇక కాళ్ళు. తల్లి కడుపులో ముడుచుకుని పెరిగిన బిడ్డ కాళ్ళు వంకరగానే కనిపిస్తాయి. చాలామందికి రెండేళ్ళు వచ్చేసరికి అవే సర్దుకుంటాయి. బలవంతంగా చాచి కడితే దెబ్బ తినేది తుంటి కీలు. జపాన్‌లో కాళ్ళు చాచి చుట్టే అలవాటు ఉండేది. 1975లో దాన్ని మానిపించే ప్రచారం మొదలైంది. అంతకుముందు నూటికి ఒకరికి పైగా కనిపించిన తుంటి కీలు జారే లోపం, తర్వాత వెయ్యికి ఇద్దరి కంటే తక్కువకు దిగింది. కాళ్ళు తిన్నగా రావాలని కట్టి, నడక వచ్చే వేళకు బిడ్డను కుంటేలా చేస్తారా?

నా నిద్ర పాడు చేసింది మాత్రం బోర్లా పడుకోబెట్టమన్న మాట. చేతులు గుడ్డలో ఉన్న బిడ్డ బోర్లా ఉంటే, ముక్కు పరుపులో కూరుకున్నప్పుడు దేని ఊతంతో తల తిప్పుకుంటుంది? పాలు అడ్డుపడతాయన్న భయమూ తలకిందులే. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు ఎదురెక్కి ఊపిరి గొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా ఉంటేనే అవి ఊపిరి గొట్టం ముంగిట చేరతాయి. 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. పదేళ్ళలో అక్కడ నిద్రలో జరిగే ఆకస్మిక శిశుమరణాల రేటు దాదాపు సగానికి తగ్గింది. పక్కకు పడుకోబెట్టినా ప్రమాదమే, బిడ్డ సులువుగా బోర్లాకు ఒరుగుతుంది. ఇది తెలియకుండా "పదిమందికి పంపండి" అని రాసినవారిని ఏమనాలి? తెల్లవార్లూ లేవకపోవడం గొప్పా? రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగవలసిన బిడ్డ అది! మేలుకోగలగడమే దాని రక్షణ.

ఏడాది మాటా అంతే. బోర్లా పడాలని ఒరగడం మొదలుపెట్టిన రోజే చుట్టడం ఆపాలి. కొందరు పిల్లలు రెండు, మూడు నెలలకే ఆ ప్రయత్నం చేస్తారు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పొత్తిళ్ళు వట్టి మూఢనమ్మకమని బాలింతలను కసిరేదాన్ని. అది నా తప్పు. తన చేతుల అదురుకు తానే ఉలిక్కిపడి లేచే పసికందును పొత్తిళ్ళు నిజంగానే ఊరడిస్తాయి. పాత నూలు చీర చింపి చుట్టిన మన అమ్మమ్మల పద్ధతిలో తెలివి ఉంది.

మా పిల్లకు ఇలా జవాబు రాశాను: "పలుచటి నూలు గుడ్డ ఒక్క పొర చుట్టు. ఛాతీ దగ్గర నీ రెండు వేళ్ళు దూరాలి. నడుము కింద వదులుగా ఉంచు, కాళ్ళు కప్పలా ముడుచుకోనీ. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టు. ఆవాల దిండు తీసెయ్. మీ అత్తగారు కాదంటే ఫోను ఆమెకివ్వు, నేను మాట్లాడతాను."