గ్రేడ్ వన్ గారికి ఒక షుగర్ పేషెంటు ఉత్తరం

గౌరవనీయులైన గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ గారికి,

మనకి పరిచయమై నాలుగేళ్లు. కడుపునొప్పి గ్యాసో, రాళ్లో తేల్చుకుందామని స్కానింగ్‌కి వెళ్తే, పొట్ట మీద చల్లటి జెల్ పూసి, "ఊపిరి బిగబట్టండి... ఆఁ, వదలండి" అంటూ అటూ ఇటూ రుద్ది, రాళ్లేం లేవని చెప్పి మిమ్మల్ని చేతిలో పెట్టి పంపించారు. రిపోర్టులో ఆఖరి లైను మీరే. ఇదేంటండీ అని అడిగితే "గ్రేడ్ వన్నే, ఈ రోజుల్లో అందరికీ ఉంటుంది లెండి" అన్నారు. ఆ "లెండి" దగ్గరే పడిపోయాన్నేను. అయినా కొట్లో గ్రేడ్ వన్ మినప్పప్పు అంటే మంచి సరుకనే కదా అర్థం! ఇంటికొచ్చి నిశ్చింతగా మారు వడ్డించుకున్నాను.

మీ వల్ల పోయిందల్లా నా పరువు. లివర్ అన్న మాట చెవిన పడగానే మా మేనమామ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, "ఒరేయ్, మీ అమ్మకి చెప్పన్లే, వారానికెన్ని పెగ్గులు?" అని గుసగుసగా అడిగాడు. నేనా, పెళ్లిళ్లలో కూల్‌డ్రింక్ కూడా షుగర్ భయంతో పక్కనపెట్టే మనిషిని! టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో సగం మందికి పైగా మీ భక్తులేనట. మా ఒంట్లో ఇన్సులిన్ మాట ఎవరూ వినరు కాబట్టి పొట్టలోని కొవ్వు రక్తంలోకి జారుతూనే ఉంటుంది, మిగిలిన అన్నాన్ని కూడా లివరే కొవ్వు చేసి తనలో దాచుకుంటుంది. సారా చుక్క అక్కర్లేదండీ, సోనామసూరి చాలు.

మీ అసలు మోసం మొన్ననే తెలిసింది. మీ గ్రేడు లివర్‌లో కొవ్వెంతో చెబుతుంది గానీ ఆ లివర్ ఎంత గట్టిపడిందో చెప్పదట. పైన పటారం, లోన లొటారం. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 36, రెండూ నార్మలే, నేను మిఠాయి కొట్టు వైపు చూస్తున్నాను కూడా. కొత్త డాక్టరమ్మ మాత్రం వాటికి నా వయసు 54నీ, ప్లేట్‌లెట్లు లక్షా 90 వేలనీ కలిపి ఫోన్లోనే ఏదో లెక్క కట్టింది. లివర్ గట్టిపడి ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే ఆ లెక్కని ఫిబ్-4 అంటారట. 1.3 లోపుంటే పెద్దగా భయం లేదు, నాకు 1.8 వచ్చింది. ఉన్న రిపోర్టులతోనే, పైసా ఖర్చు లేకుండా కట్టే ఈ లెక్క నాలుగేళ్లలో ఒక్కరూ కట్టలేదు. నేనూ అడగలేదు లెండి, "అందరికీ ఉంటుంది" అన్న మాట అంత కమ్మగా ఉంది మరి.

ఇప్పుడు లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 83 కిలోల్లో ఆరు నుంచి ఎనిమిది కిలోలు దింపమన్నారు, అలా దింపితే మీరే సగం మూటాముల్లె సర్దుకుంటారట. రాత్రిపూట అన్నం మానేశాను. మా ఆవిడ జొన్నరొట్టె చేస్తోంది. అది విస్తరాకంత ఉంటోంది, దాని మీద నెయ్యి కూడా రాస్తోంది, ఆ గొడవ వేరే.

ఇట్లు,
మీ భారం మోస్తున్న
ఒక షుగర్ పేషెంటు

తా.క.: 2023లో మీ జబ్బు పేరు మార్చారట, "నాన్ ఆల్కహాలిక్" తీసేసి "మెటబాలిక్" అని పెట్టారట. పేరు మారిస్తే మార్చారు గానీ, మా మామయ్యకి చూపించడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ మాటేనండీ.