ఏడు కుంచెలు, ఒక అమావాస్య

ఆదివారం మటన్ షాపు ముందు లైన్లో నిలబడి, నా వంతు వచ్చాక, "మేక తోక వెంట్రుకలు ఓ గుప్పెడు కావాలి. నల్ల మేకవైతే మరీ మంచిది" అన్నాను. వెనకాల బోటీ కోసం నిలబడ్డ పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

షాపతను కత్తి ఆపి నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. "ఎందుకన్నా?"

"కుండకు."

ఈ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. అతను మారు మాట్లాడకుండా గుప్పెడు వెంట్రుకలు కోసి, కవర్లో వేసి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. "పైసలొద్దన్నా, తీస్కపో."

నిజానికి నాది చాలా అమాయకమైన అవసరం. ఆరు నెలలుగా శని, ఆదివారాలు కుండల క్లాసుకు వెళ్తున్నాను. సగం ఆరిన కుండ మీద పలచటి మట్టి పూతతో తీగలూ ఆకులూ గీయాలని కోరిక. ఈ పూతను క్లాసులో స్లిప్ అంటారు. ఎర్రది కావాలంటే జాజు కలుపుతాం, తెల్లది కావాలంటే తెల్ల బంకమట్టి. చిక్కదనం గిలక్కొట్టిన పెరుగులా ఉంటుంది. చిక్కు అక్కడే వచ్చింది. షాపులో కొన్న వాటర్ కలర్ కుంచెతో గీస్తే, కుండ ఆ తడిని ఎండాకాలం నేలలా పీల్చేస్తుంది. తీగ మొదలుపెట్టి మొదటి ఆకు చేరేలోపే కుంచె పొడిబారి గీరుకుపోతుంది. కడుపు నిండా పూత పట్టి, దాన్ని నెమ్మదిగా వదిలే కుంచె కావాలి. అలాంటిది చేతిలో ఉంటే చెయ్యి దానంతటదే సాగుతుందని మా టీచరమ్మ చెప్పింది. ఆమె ఊరికే చెప్పింది, నేను పట్టుకున్నాను.

మొదట చీపురు మీద పడ్డాను. కొరియాలో 15, 16 శతాబ్దాల్లో గడ్డి కట్టలాంటి మోటు కుంచెతో తెల్ల పూత పూసేవారు. పుల్లల చారలు గిన్నె మీద అలాగే మిగిలిపోతాయి, అదే దాని అందం. మా ఇంట్లో కొత్త చీపురు జానెడు పొట్టిదైంది. అందం సంగతి మా ఆవిడకు వివరించబోయాను గానీ ఆ సంభాషణ ఇక్కడ అనవసరం.

తర్వాత శ్రీకాళహస్తి కలంకారీ కలం గుర్తొచ్చింది. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారం కడతారు, వేళ్లతో నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. చేసి చూశాను. రంగు నీళ్లు దిగుతాయి గానీ మట్టి దిగదు. అరగంటలో ఆ ఉన్ని ముద్ద గట్టిపడి లడ్డూ అయింది. కాబట్టి మేకే గతి. పూతలో రాలిన వెంట్రుక కనబడితే తీసేయొచ్చు కదా అని నల్లది అడిగాను, అంతే.

వెంట్రుకల జిడ్డు వదిలితే గానీ కుంచెకు తడి పట్టదు. జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమానో అనే ఊరు కుంచెలకు పేరు పడింది. అక్కడ ఊక బూడిదతో రుద్ది జిడ్డు తీస్తారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఊక ఎక్కడిది? వాచ్‌మన్ భార్య కట్టెల పొయ్యి బూడిద ఒక డొప్పలో ఇచ్చింది, కారణం అడగలేదు. వెంట్రుకల అడుగున ఉండే నూగు పోవడానికి మా అత్తగారి పేన్ల దువ్వెన వాడాను. మొనలన్నీ ఒక వరసకు రావాలంటే కట్టను మొనలు కిందికుండేలా చిన్న గిన్నెలో నిలబెట్టి తట్టాలి. కుంకుమ భరిణె సరిగ్గా సరిపోయింది. కట్టడానికి గట్టి దారం లేక, పిల్లవాడి ఎర్ర మొలతాడు విప్పి పోగులు తీశాను.

మొదటి రెండు కుంచెల మొనలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కత్తెరతో సమంగా కత్తిరించాను. గడ్డం గీసుకునే బ్రష్‌లు తయారయ్యాయి. వెంట్రుకకు పుట్టుకతో వచ్చిన సన్నటి కొస ఉంటుంది, కుంచెకు మొన అంటే అదే. కోస్తే కుదురు వైపు కోయాలి గానీ కొస వైపు కాదు. ఇది తెలిశాక మిగిలిన ఐదూ కాస్త దారికొచ్చాయి. ఏడో దానికైతే తడిపి విదిలిస్తే సూదిలాంటి మొన వచ్చింది. నా జీవితంలో నేను చేసిన వస్తువేదీ అంత బాగా కుదరలేదు.

కుంచెలు మొన కిందికుండేలా వేలాడదీసి ఆరబెట్టాలి. ఏడింటినీ టెర్రస్ మీద బట్టల తీగకు కట్టాను. కింద జాజు పూత ఒక గిన్నె, తెల్ల పూత ఒక గిన్నె, మిగిలిన బూడిద, గీతలు సాధన చేసిన పగిలిన కుండ వదిలేసి, చేతులు కడుక్కుని పడుకున్నాను. ఆ రాత్రి అమావాస్యని నాకు తెలియదు. క్యాలెండర్ చూసే అలవాటు మా ఆవిడది.

ఉదయం ఐదింటికి ట్యాంకు చూడ్డానికి పైకెళ్లిన వాచ్‌మన్ కేక మూడో అంతస్తు దాకా వినబడింది. నేను లేచేసరికి వాట్సాప్ గ్రూపులో 43 మెసేజ్‌లు. నాలుగో అంతస్తు ఆంటీకి గురువారం నుంచి మోకాలు ఎందుకు నొస్తోందో తెలిసిపోయింది. పైకి వెళ్లి చూద్దును కదా, ఎవరో ముందుజాగ్రత్తగా నాలుగు నిమ్మకాయలు కోసి పసుపు నీళ్లు చల్లారు. దాంతో ఏర్పాటులో ఉన్న చిన్న లోటు కూడా తీరింది. మసక చీకట్లో గాలికి ఊగుతున్న నల్లటి జుట్టు కట్టలు, ఎర్ర దారాలు, బూడిద, కుండ పెంకులు. ఒక్క క్షణం నాకూ గుండె ఝల్లుమంది.

"అవి నావేనండీ. కుంచెలు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నమ్మించడానికి ఏడో కుంచె తీసి జాజులో ముంచి, పెంకు మీద ఒక తీగ లాగాను. ఎక్కడా ఆగలేదు. కొస దాకా ఒకే ఊపులో వెళ్లి చివర సన్నగా మెలి తిరిగింది. ఆరు నెలల కల. పొంగిపోయి తలెత్తాను.

సెక్రటరీ గారు అడిగారు: "కుంచెలా? షాపులో దొరకవా సార్?"

దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. వెంట్రుకల జిడ్డు గురించి ఏదో గొణిగాను. టెర్రస్ తాళం చెవి అప్పటి నుంచి ఆయన దగ్గరే ఉంది.

వారం తర్వాత రాత్రి పదింటికి ఆయనే తలుపు కొట్టారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సార్, మావాడు ఇంటర్ రెండోసారి పోయాడు. సప్లిమెంటరీ రాస్తున్నాడు. అవి... ఒకటి ఇస్తారా? గుమ్మానికి కట్టుకుంటాం" అన్నారు.

అది కుంచె అని ఎంత చెప్పినా, "మీరలాగే అంటారు లెండి" అని నవ్వారు. డబ్బా ముందు పెడితే తనే ఏరుకున్నారు, సరిగ్గా ఏడోది. అలాంటి మొన మళ్లీ నా చేత కాలేదు. పోనీ అడిగి తెచ్చుకుందామా అంటే, ఆ కుర్రాడు పాసయ్యాడు.