గుట్ట ఖాళీగా లేదు

కడప జిల్లాలో అడవి ప్రస్తావన వస్తే మాట ఎర్రచందనంతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఎన్ని దుంగలు దొరికాయి, ఎంతమంది కూలీలు పట్టుబడ్డారు, వేలంలో టన్ను ఎంత పలికింది... పేపర్లో వచ్చేది ఇదే. ఎర్రచందనానికి ఆ కాపలా కావాల్సిందే. కానీ ఆ కొండల్లోనే, చట్టం అంతకంటే ముందు వరుసలో నిలబెట్టిన మొక్క ఒకటుంది. దాని పేరు జిల్లాలో చాలామంది విని కూడా ఉండరు.

అది పేరీత. మదనకామాక్షి అని కూడా అంటారు. చూపుకు పొట్టి ఈతచెట్టులా కనిపిస్తుంది కానీ ఈత జాతితో దానికి సంబంధం లేదు. భూమ్మీద పూలమొక్కలు పుట్టకముందు నుంచీ ఉన్న వంశం దానిది. 1883లో కడప కొండల మొక్కగా శాస్త్రలోకానికి పరిచయమై, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు తగిలించుకుంది. వన్యప్రాణి చట్టంలో 1991 సవరణతో మొక్కలకు కూడా రక్షణ కల్పించినప్పుడు దేశం మొత్తమ్మీద ఆరు పేర్లే జాబితాకెక్కాయి. అందులో ఒకటి మన పేరీత. విదేశీ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉంటే, పేరీత మొదటి అనుబంధంలో ఉంది. పులి ఉన్నదీ అందులోనే.

ఇంత గొప్ప రక్షణ ఉన్నా దానికి జరిగే నష్టం కంటికి కనిపించదు. పేరీతలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మగమొక్కకు నడినెత్తిన వచ్చే కంకిని కోసి నాటుమందుల కోసం అమ్ముకుంటారు. కంకి పోయినా మొక్క చావదు, పచ్చగానే ఉంటుంది. ఎండాకాలంలో నిప్పంటుకున్నా పాత ఆకుమట్టలు కప్పిన మాను తట్టుకుని మళ్లీ చిగురిస్తుంది. కాలిపోయేది కింద మొలిచిన పిల్లమొక్కే. మగకంకి లేకపోతే ఆడమొక్క గింజ కట్టదు, కట్టిన గింజ మొలిచినా మంట మిగలనివ్వదు. లెక్కకు వెళ్లినవాళ్లకు మొక్కల సంఖ్య తగ్గినట్టే అనిపించదు, ఎదిగిన మొక్కలన్నీ అక్కడే ఉంటాయి మరి. ముసలి మొక్కలెన్ని, పిల్లమొక్కలెన్ని అని విడివిడిగా లెక్కపెడితేనే సంగతి బయటపడుతుంది.

అరుదైన మొక్కలు మన కొండల్లో సమంగా పరుచుకుని ఉండవు. నల్లమల, ఎర్రమల, పాలకొండ, లంకమల ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాయి, పలకరాయి. అనంతపురం వైపు గుట్టలు గ్రానైట్ బండలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. అక్కడ మొక్క బతికేది బండ చీలికలో చేరిన గంపెడు మట్టిలో, ఎండ సూటిగా తగలని ఉత్తరపు వాలులో, నాలుగు రోజులు నీళ్లు నిలిచే దోన పక్కన. ఒక వాలులో పది మొక్కలుంటాయి, పక్క గుట్టలో ఒక్కటీ ఉండదు. పైనుంచి ఉపగ్రహం తీసిన ఫొటోలో మాత్రం రెండూ ఒకే తుప్పల అడవి.

గాలిబుడ్డ చెట్టునే తీసుకోండి. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో అదొకటి, ఉమ్మడి అనంతపురం జిల్లా ఎండుకొండల్లో ఉంది. రావాకును పోలిన ఆకు, కాగితమంత పలచటి పొర ఉన్న కాయ. ఆ పొరే రెక్కగా గాలికి ఎగిరిపోతుంది. తిమ్మమ్మ మర్రిమానును చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనానికి, ఈ ప్రాంతంలోనే ఇలాంటి చెట్టు ఉందని చెప్పే బోర్డు ఒక్కటీ పెట్టలేమా?

ఇక నన్నారి. కర్నూలు, కడప, అనంతపురం బజార్లలో ఎండాకాలం దాన్ని తాగనివాళ్లు ఉండరు. గ్లాసులో నిమ్మకాయ పిండి, రెండు చెంచాల నన్నారి పాకం వేసి, సబ్జా గింజలు కలిపి, సోడా కొడితే నురగతో పాటు ఆ వాసన పైకి లేస్తుంది. ఆ వాసన ఎక్కువగా రాళ్ల సందుల్లో పాకే ఒక తీగ వేరుది. మారేడు గడ్డలంటారు, ఊరగాయ కూడా పెడతారు. వేరు కోసం తవ్వితే తీగ మొత్తం పోతుంది. ఇప్పుడది ప్రపంచ స్థాయి ముప్పు జాబితాలో ఉంది. తవ్వేవాళ్లను దొంగల్లా చూడటం నాకు నచ్చదు, అడవి మీద బతికేవాళ్ల కూలి అది. పక్క వేర్లు తీసుకుని తల్లిగడ్డను వదిలేస్తే ధర కాస్త ఎక్కువ ఇవ్వాలి. షర్బత్ వ్యాపారానికి కావాల్సిన వేరును చేలో పండించేలా రైతుకు నర్సరీ మొక్కలివ్వాలి. వేరుశనగ మీద ఏటా దెబ్బతింటున్న రైతుకు అది చిన్న ఆసరా అవుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మంచి ఉద్దేశంతో జరిగే నష్టం. బోడిగుట్ట కనిపిస్తే చాలు, జేసీబీతో కందకాలు తవ్వి, ఏదో ఒక మొక్క నాటి, పచ్చదనం పెంచామని రిపోర్టు రాస్తారు. గాలిమరల కోసం గుట్ట నెత్తి దాకా రోడ్డు వేస్తారు. కరెంటు కావాలి, చెట్లూ కావాలి. కానీ ఆ రోడ్డు పోయే వాలులో ఏముందో ముందుగా చూడాలి కదా. 1986లో సిద్ధవటం దగ్గర, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి మళ్లీ కనిపిస్తే, దానికోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటు చేసి తెలుగుగంగ కాలువ దారి మార్చిన జిల్లా మన కడప. పక్షి కోసం కాలువే మళ్లినప్పుడు, మొక్క కోసం రోడ్డు యాభై మీటర్లు పక్కకు జరగలేదా?

సమాచారం లేదనడానికి వీల్లేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఈ కొండల మొక్కల మీద పనిచేశారు, కడప యోగివేమన విశ్వవిద్యాలయంలోనూ చేస్తున్నారు. ఆ సమాచారం బీట్ ఆఫీసర్‌కు, సర్పంచ్‌కు చేరాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో రాసే జీవవైవిధ్య రిజిస్టర్‌లో వేప, కానుగ పేర్లు నింపి సరిపెట్టకుండా, ఏ వాలులో ఏ అరుదైన మొక్క ఉందో గుర్తించాలి. అదే చట్టంలో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించే వీలుంది. పది ఎకరాల వాలునైనా అలా ప్రకటించవచ్చు.

గుట్ట మీద ఏ పనికి అనుమతి ఇచ్చినా ముందు మొక్కల సర్వే జరగాలి, అదీ వానలు పడ్డాకే జరగాలి. భూమిలో గడ్డగా దాగి, తొలకరికి మొలిచి, పూసి, కొద్ది వారాల్లో మాయమయ్యే జాతులు మన కొండల్లో ఉన్నాయి. ఏప్రిల్‌లో గుట్టెక్కి ఏమీ లేదని రాసిచ్చే సర్వేను కలెక్టర్ వెనక్కి పంపాలి.