శాలువా కాదు, బయానా కావాలి

ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి పంతులు పటానికి దండలు పడతాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర భాష కోసం ఆయన కొండలెక్కారని, అక్కడ మలేరియా పట్టుకుందని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయి మిగిలిన జీవితమంతా చెవుడుతోనే గడిపారని వక్తలు ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు వెళ్ళిపోతారు. జనం నోట్లో మాట ఎలా పలుకుతుందో చెవితో పట్టి రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి ఆయన. అలాంటివాడికి చెవులు పోయాక రోజువారీ పని ఎలా సాగిందని ఏ సభలోనూ ఎవరూ అడగరు. ‘పట్టుదల’ అనేస్తే చాలు, ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

పక్కనే విజయనగరంలో ఇంకో రకం ఉదాహరణ ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు బాగా తక్కువ. 1919లో మహారాజా సంగీత కళాశాల ఆయనను వయొలిన్ ఆచార్యుడిగా తీసుకుంది. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన ప్రతిభ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ఆ ప్రతిభకు జీతం, గది, శిష్యులు దొరికారన్నది మనం మరచిపోయే సంగతి. సంస్థానం ఇచ్చింది సన్మానం కాదు, ఉద్యోగం.

అదే 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసింది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు మాట్లాడే కళాకారుడికి అప్పటి నుంచీ రెండు పొయ్యిల మధ్య బతుకే. అవార్డుల జాబితాలు, తెలుగు నాటక పోటీలు ఆంధ్ర వైపు ఉంటాయి. పింఛను, ధ్రువపత్రం, దరఖాస్తు ఒడిశా వైపు ఉంటాయి. వైకల్యం కూడా తోడైతే ఈ రెండింటి మధ్య ఉన్న ప్రతి గజమూ డబ్బు ఖర్చే. వికలాంగుల దినమని డిసెంబరు 3న ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక ఫొటో ఇస్తే ఆ ఖర్చు తీరదు. పనికి పిలిచి, బయానా చేతిలో పెట్టి, ఆ మనిషికి ఏ ఏర్పాటు కావాలో అడిగి చేయించడమే అసలు ఆదరణ.

ఏర్పాటు అంటే లక్షల వ్యవహారం అనుకుంటారు. చాలాచోట్ల అది ఒక తాడు, ఒక స్పీకరు.

పద్యనాటకానికి హార్మోనియం వాయించే చూపులేని కళాకారుడిని తీసుకోండి. చూపున్న హార్మోనిస్టు నటుడి పెదవులు చూస్తాడు, చెయ్యెత్తడం చూస్తాడు, పద్యం అయిపోయి రాగం లాగబోతున్నాడని ముందే కనిపెడతాడు. చూపులేనివాడికి ఈ సైగలన్నీ చెవిలోంచే రావాలి. నటుడు ఊపిరి పీల్చిన చప్పుడుతో సహా వినబడాలి. మైకులు లేని రోజుల్లో ఇది ఇబ్బంది కాదు. ఇప్పుడు పెద్ద స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. వేదిక మీదికి వచ్చేది వాటి ప్రతిధ్వని, అదీ ఆలస్యంగా. దాన్ని పట్టుకుని వాయిస్తే హార్మోనియం పద్యం వెనక ఈడ్చుకుంటూ నడుస్తుంది. జనం ‘పాపం, కళ్ళు లేవు కదా’ అంటారు. లోపం కళ్ళది కాదు, మైకుసెట్టుది. నటుడి మైకు మాత్రమే వినిపించే చిన్న మానిటర్ స్పీకరు ఒకటి హార్మోనిస్టుకు మూడు నాలుగు అడుగుల దూరంలో, ఆయనవైపు తిప్పి పెడితే సరిపోతుంది. హార్మోనియం శబ్దాన్ని అందులో కలపకూడదు. కలిపితే తన వాద్యమే తనకు గట్టిగా వినిపించి నటుడి గొంతు మునిగిపోతుంది, కూత కూడా మొదలవుతుంది. మైకుసెట్టు కుర్రాడు మొదట చేసే పొరపాటు ఇదే.

శృతి మార్పు మరో చిక్కు. ఒకటిన్నర శృతిలో పాడుతున్న నటుడు పోయి రెండు శృతివాడు వస్తున్నాడంటే చూపున్నవాడికి తెర పక్కన మనిషి కనబడతాడు. చూపులేనివారికి ఆ కబురు ఎవరో ఒకరు అందించాలి. భుజం మీద ఒక తట్టు అంటే ఫలానా, రెండు తట్లు అంటే ఫలానా అని ముందే ఒప్పందం చేసుకుని, ఆ పని తబలావాడికి అప్పగిస్తే చాలు. రాత్రంతా ఆ పని చెయ్యాల్సింది ఒక్కడే. మధ్యలో మనిషి మారితే తట్టు అర్థం మారిపోతుంది.

వేదిక మీద తిరిగే చూపులేని గాయకుడికి, హరికథకుడికి తాడు కావాలి. అరంగుళం లావు జనపనార తాడును వేదిక అంచుకు మూడు అడుగులు లోపలగా, జంపఖానా కింద ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచి రెండు కొసలా మేకు కొట్టాలి. పాదానికి గట్టు తగలగానే ఆగుతారు. అడుగు దూరంలోనే పెడితే పనికిరాదు, ఆవేశంలో ఉన్న అడుగు ఆగేలోపే అంచు దాటిపోతుంది. మైకు వైర్లు కూడా జంపఖానా కిందే వేస్తే ఏది తాడో ఏది వైరో పాదానికి తెలియదు కాబట్టి వైర్లను వెనక గోడవైపు నడిపించాలి.

చక్రాల కుర్చీ సంగతికొస్తే లెక్క మొండిది. ర్యాంపుకు ఒప్పుకున్న వాలు 1:12. అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. శ్రీరామనవమి పందిట్లో డ్రమ్ముల మీద పలకలు పరిచి కట్టే వేదిక నాలుగు అడుగులుంటే 48 అడుగుల ర్యాంపు కావాలి. ఏ కమిటీ కట్టదు. కట్టామని చెప్పేది పది అడుగుల పలక, దాని మీద నలుగురు కుర్చీని తోస్తారు. వెనక్కి జారితే కళాకారుడి నడుము పోతుంది. అంతకంటే వాద్యబృందం మొత్తాన్నీ వేదిక పక్కన ఆరంగుళాల తిన్నె మీద కూర్చోబెట్టండి, ఆరు అడుగుల పలకతో పనైపోతుంది. పాత నాటకాల్లో వాద్యం కిందే కూర్చునేది, కొత్త విడ్డూరమేమీ కాదు. కుర్చీలో ఉన్న ఒక్కరినీ కింద వదిలేసి మిగతావాళ్ళు పైకెక్కడం మాత్రం చెయ్యకూడదు.

వాద్యం ఎంపికలోనూ ఇలాంటి లెక్కే ఉంది. కాళ్ళతో తొక్కే హార్మోనియం రెండు చేతుల్నీ వాయించే మెట్ల మీద వదులుతుంది, అందుకే నాటకాల వాళ్ళకు అదంటే ఇష్టం. ఒక చెయ్యి లేనివాడికి అదే దారి. చేతి హార్మోనియంలో ఒక చెయ్యి తిత్తికే పోతుంది కదా. పోలియోతో కాలు చచ్చుబడినవాడికి మాత్రం ఆ కాళ్ళ హార్మోనియమే తిరకాసు. రెండు పెడళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి నడిస్తేనే గాలి సమంగా నిలుస్తుంది. రెండింటినీ కర్రతో కలిపి ఒక్క కాలితో తొక్కితే గాలి విడతలుగా వచ్చి స్వరం వణుకుతుంది. ముందు తిత్తి కుట్లలో, మూలల్లో గాలి కారే చోట్లు మూయిస్తే ఒక్క పెడలుతోనే చాలాసేపు నడుస్తుంది. మధ్యమధ్య ఊపిరి తీసుకునే చోటు కోసం ఆలాపనను కుదించుకోవడం వాయించేవారి నేర్పు.

ఇక పాఠం. చూపులేనివారు పద్యాలు విని నేర్చుకుంటారు, యతిప్రాసలు జ్ఞాపకానికి సాయపడతాయి. సమస్యంతా ఫైళ్ళతోనే. వాట్సాప్‌లో వచ్చిన ఆడియోల పేర్లు అంకెల వరుసలుగా ఉంటాయి, ఫోన్ తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాటిని అంకెలుగానే చదువుతుంది. నలభై పద్యాల నాటకంలో కావలసింది వెతకడానికి నలభై విని చూడాలి. పంపేవారు ఒక ఫైలుకు ఒకే పద్యం రికార్డు చేసి, పద్యం మొదటి రెండు మాటలను తెలుగు లిపిలో పేరుగా పెట్టి పంపితే వెతుకులాట ఉండదు. రాగాలాపనను వేరే ఫైలుగా ఇవ్వాలి, లేకపోతే మాట ఎక్కడ విరుగుతుందో తెలియదు.

అచ్చు పుస్తకం దగ్గర గోడ ఇంకా ఎత్తు. మన డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కట్టిన పీడీఎఫ్ కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్ దాన్ని చదవబోతే గొడ్డు కూతే. నాటక రచయితలు, ప్రచురణకర్తలు కంప్యూటరు కూడా తెలుగుగానే గుర్తించే యూనికోడ్ పాఠం ఒకటి పక్కన దాచి అడిగినవారికి ఇస్తే ఈ బాధ తీరుతుంది. లేదంటే పుట ఫొటో తీసి ఓసీఆర్ చేయించాలి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చేత పాఠంగా మార్పించాలి. బొమ్మ స్పష్టత 300 డీపీఐకి తగ్గితే ఒత్తులు, వట్రుసుడులు జారిపోతాయి. అరసున్నలు మాయమవుతాయి. పద్యపాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గణాలు తెలిసినవారు ఒకరు సరిచూడకుండా ఆ పాఠాన్ని కంఠస్థం చేస్తే తప్పే నోటికి పట్టుబడుతుంది. కాపీహక్కు భయం అక్కర్లేదు. 2012 సవరణ తర్వాత మన చట్టమే వైకల్యం ఉన్నవారికి చదవగలిగే రూపంలో ప్రతి చేసి ఇవ్వడానికి వీలు కల్పించింది. చూపులేనివారికి చదవగలిగే ప్రతులు అందించడం కోసం కుదిరిన అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

సరిహద్దు కుటుంబాలు గమనించని వెసులుబాటు ఒకటుంది. బరంపురం తెలుగు పిల్లవాడు ఒడిశాలోని అంధుల బడిలో ఒడియా బ్రెయిలీ నేర్చుకుంటే తెలుగు చదువు పోయినట్టేనని ఇంట్లోవాళ్ళు దిగులుపడతారు. అవసరం లేదు. 1951 నుంచి మన దేశంలో నడుస్తున్న భారతీ బ్రెయిలీలో ఒడియా ‘క’కూ తెలుగు ‘క’కూ ఒకే చుక్కలు, ఆరు చుక్కల గడిలో 1, 3 స్థానాలవి. కళ్ళకు రెండు లిపులు కావాలి గానీ వేళ్ళకు దాదాపు ఒకటే. ఒడియాలో లేని హ్రస్వ ఎ, ఒలు, ఇంకొన్ని గుర్తులు కలుపుకుంటే చాలు. పలక మీద సూదితో కుడి నుంచి ఎడమకు గుచ్చి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు ఎలాగూ ఉంటుంది. కావలసిందల్లా తెలుగు పద్యాలు బ్రెయిలీలో దొరకడం. పలచటి కాగితం వాడితే రెండు మూడు రిహార్సళ్ళకే చుక్కలు అణిగిపోతాయి, డ్రాయింగు షీటంత మందం ఉండాలి.

చేతిపనుల్లో కథ వేరు. పట్టచిత్రం వినికిడి లేని పిల్లలకు బాగా ఒదుగుతుంది. గుడ్డకు చింతగింజ జిగురు, సుద్ద పట్టించడం, రాయితో నున్నగా రుద్దడం, శంఖపు తెలుపు నూరడం అన్నీ చూసి నేర్చుకునే పనులే. చిక్కు అమ్మకంలో వస్తుంది. విజిటింగు కార్డు మీద ఫోన్ నంబరే ఉంటుంది, ఎత్తి మాట్లాడేది అన్నో బావో, ధర కుదిర్చేదీ వాళ్ళే. నంబరు పక్కన ‘మెసేజ్ మాత్రమే’ అని మూడు లిపుల్లో అచ్చువేయించుకున్నవారి చేతికి బేరం తిరిగి వస్తుంది. బరంపురం పట్టు నేతలో గుంట మగ్గానికి రెండు కాళ్ళూ కావాలి, కాలు సహకరించనివారు కండెలు చుట్టడం దగ్గరే ఆగిపోతారు. గ్రాఫు కాగితం మీద అంచు డిజైను గీయడం వారికి నేర్పితే కూలి స్థాయి మారుతుంది. నేర్పేవారు తక్కువ.

కాగితాల విషయం చెప్పకుండా ముగించలేం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళాకారులకు, రచయితలకు సదుపాయాలు, ప్రోత్సాహం, ఆర్థిక మద్దతు ఇవ్వాలంటుంది. కళల కోర్సులను వారికి తగ్గట్టు మార్చాలని కూడా అంటుంది. ఇవేవీ అందాలన్నా ముందు యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం శాతాన్ని రంగుతో చూపే గుర్తింపు కార్డు ఉండాలి. నీలం అంటే 80 శాతం, ఆపైన. పసుపు అంటే 40 నుంచి 79. తెల్ల కార్డుకు సాధారణంగా ఈ ప్రయోజనాలు రావు. మనవాళ్ళు ఎక్కువగా తట్టుకుని పడేది పేరు దగ్గర. ఇంటిపేరు మనకు ముందు, ఒడిశా ఫారాల్లో చివర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, బడి సర్టిఫికెట్‌లో పూర్తిగా, బ్యాంకులో ‘రావు’యే ఇంటిపేరు. ఈ మూడూ కలవక దరఖాస్తు నెలల తరబడి తిరుగుతుంది. వైకల్య పరీక్షల శిబిరానికి వెళ్ళే ముందే ఆధార్‌లో పూర్తి పేరు సరిచేయించుకుని, మిగతావన్నీ దానికి కలపాలి, అటు నుంచి ఇటు కాదు.

కళాకారుడినని రుజువు చేసుకోవడం ఇంకో మెట్టు. ఒడిశాలో కళాకారులకు పింఛనిచ్చే ముఖ్యమంత్రి కళాకార్ సహాయతా యోజనకు దరఖాస్తు చేసేవారి దగ్గర ఉండేవి తెలుగు కరపత్రాలు, తెలుగు పత్రికల కత్తిరింపులు. వాటిని పరిశీలించే గుమాస్తాకు ఆ లిపి రాదు. కమిటీలు కరపత్రం అచ్చువేసేటప్పుడే కింద ఒడియాలో రెండు వరుసలు, అంటే ఊరు, తేదీ, కళాకారుడి పూర్తి పేరు, ఏ వాద్యమో చేర్చడానికి అదనంగా అయ్యేదేమీ లేదు. ‘అండ్ పార్టీ’లో కలిపేస్తే ఆ రాత్రి వాయించినట్టు లోకంలో ఎక్కడా ఆధారం మిగలదు.

తోడు మనిషి ఖర్చు ఎవరిదన్నది కూడా బయానా నాడే తేలాలి. రైల్లో చూపులేనివారికి, వెంట వచ్చేవారికి స్లీపరు, మూడో ఏసీ టికెట్లలో 75 శాతం రాయితీ ఉంది. కానీ అన్నం, ఆటో, హార్మోనియం మోయించడం దానిలోకి రావు. చాలా బృందాలు ఈ ఖర్చును కళాకారుడి వాటాలోంచే మినహాయిస్తాయి. మైకు అద్దెను గాయకుడి వాటాలోంచి తీసుకోనప్పుడు దీన్ని మాత్రం ఎందుకు తీసుకోవాలో కమిటీ పెద్దలు చెప్పాలి. లైటింగు, షామియానా రాసే లెక్కల పుస్తకంలోనే దీన్ని కూడా ఒక పద్దుగా రాయండి.